కొత్తగా లైసెన్స్ వచ్చిందా? మొదటిసారి సెల్ఫ్ డ్రైవ్ కారు ఇలా తీసుకోండి

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి నలుగురు కుర్రాళ్ళు బ్యాగులతో సహా మేము కార్లు అద్దెకిచ్చే చోటుకి వచ్చారు. గోవా ప్రయాణం. ఆధార్, లైసెన్స్, డిపాజిట్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాళాలు ఇచ్చాక, స్టీరింగ్ ముందు కూర్చున్న అబ్బాయి అద్దం దించి మెల్లగా అడిగాడు: "అన్నా, దీంట్ల రివర్స్ గేరు ఎట్ల పడ్తది?"

గేరు రాడ్ మీదున్న రింగు పైకి లాగి వేయాలని చూపించాను. "తమ్ముడూ, లైసెన్స్ వచ్చినంక ఎన్నిసార్లు నడిపినవ్?" అంటే, "లేదన్నా, ఇదే ఫస్టు" అన్నాడు. అతని లైసెన్స్ వయసు 14 నెలలు. మా రూల్ ప్రకారం ఏడాది దాటితే చాలు, బండి ఇచ్చేయొచ్చు. కానీ ముందున్నది ఆరువందల కిలోమీటర్లు దాటిన దారి, అదీ రాత్రి పూట. ఆ రాత్రికి వాళ్ళను ఆపి, పొద్దున ఆరింటికి రమ్మన్నాను. గంటసేపు పక్కన కూర్చుని ఖాళీ రోడ్లమీద తిప్పించాను. గోవా మానుకుని ఆ రెండు రోజులూ వికారాబాద్ వైపు తిరిగొచ్చారు. ఆదివారం సాయంత్రం తాళాలు ఇస్తూ ఆ అబ్బాయే అన్నాడు, "మంచిగైందన్నా" అని.

హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కార్లు అప్పగించే పనిలో నేను ఇలాంటి శుక్రవారాలు చాలా చూశాను. అందుకే కొత్త లైసెన్స్ వాళ్ళకి ఎప్పుడూ ఒకటే చెప్తాను: మొదటి అద్దె బండి ఊరెళ్ళడానికి తీసుకోకండి, చెయ్యి తిరగడానికి తీసుకోండి. ఒక పూట చాలు. కింద రాసిందంతా ఆ పూట కోసం, ఆ తర్వాత వచ్చే మొదటి ప్రయాణం కోసం.

1. ముందు లైసెన్స్ చదవండి

జేబులో ఉన్న కార్డు మీద ఏముందో చాలామంది చూసుకోరు. ఎంసీడబ్ల్యూజీ అని మాత్రమే ఉంటే అది బైక్ లైసెన్స్, దానితో కారు ముట్టుకోకూడదు. ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) అని ఉండాలి. లెర్నర్ లైసెన్స్ అయితే పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చుని, ముందూ వెనకా ఎర్ర 'ఎల్' బోర్డు ఉంటేనే బండి నడపాలి కాబట్టి దాని మీద ఎవరూ అద్దెకివ్వరు, ఇవ్వకూడదు. చెల్లే లైసెన్స్ లేకుండా దొరికితే జరిమానా 5,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ మీ వెనక నిలబడదు. భయపడాల్సింది దానికి.

చట్టం ప్రకారం 18 నిండితే కారు నడపొచ్చు. అద్దెకిచ్చేవాళ్ళ లెక్క వేరు. చాలాచోట్ల 21 నిండాలంటారు, పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువ అడుగుతారు. లైసెన్స్ తీసుకుని ఏడాది కావాలనేది కూడా మామూలే. వయసు సరిపోని వాళ్ళు అన్న పేరు మీదో, ఫ్రెండ్ ఐడీ మీదో బుక్ చేసి నడుపుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపిన బండికి ఏం జరిగినా ఖర్చంతా బుక్ చేసినవాడి నెత్తిన పడుతుంది, కేసు మాత్రం నడిపినవాడి మీద ఉంటుంది. ఇద్దరూ మునుగుతారు. వయసు చాలకపోతే డ్రైవింగ్ స్కూల్‌లో ఇంకో పది క్లాసులు తీసుకోండి, అది అద్దె కన్నా మంచి ఖర్చు.

కార్డు ఇంట్లో మరిచిపోతే టెన్షన్ పడనక్కర్లేదు. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్స్ చెల్లుతుంది, రెండూ ప్రభుత్వ యాప్‌లే. వాట్సాప్‌లో ఉన్న ఫొటో చెల్లదు.

2. నంబర్ ప్లేట్ రంగు చూడండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. సెల్ఫ్ డ్రైవ్‌కి ఇవ్వడానికి పర్మిట్ ఉన్న బండికి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉంటాయి. పసుపు ప్లేట్ మీద నల్ల అక్షరాలుంటే డ్రైవర్‌తో తిరిగే ట్యాక్సీ. తెల్ల ప్లేట్ అంటే ఎవరిదో సొంత బండి. టీఎస్ అయినా, టీజీ అయినా, ఏపీ అయినా ఈ రంగులు ఒకటే.

తెల్ల ప్లేట్ బండ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో రోజుకి మూడు నాలుగు వందలు తక్కువకే దొరుకుతాయి. ఎందుకు తక్కువ? పర్మిట్ ఖర్చు, కమర్షియల్ ఇన్సూరెన్స్ ఖర్చు వాళ్ళకి లేవు కాబట్టి. సొంత బండి పాలసీలో, అద్దెకి తిప్పితే వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. మీరు ఎవరినైనా గుద్దారనుకోండి, ఆ పాలసీ మీద గొడవ మొదలవుతుంది. యజమాని "మా ఫ్రెండ్‌కి ఊరికే ఇచ్చాను" అని చెప్పమంటాడు. ఇరవై ఏళ్ళ వయసులో పోలీస్ స్టేషన్‌లో కూర్చుని అబద్ధం చెప్పాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నల్ల ప్లేట్ బండికి మామూలు లైసెన్స్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోతుంది. 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉంటే చాలని, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ముద్ర అక్కర్లేదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది.

బుక్ చేసేముందు బండి నంబర్ అడిగి ఎంపరివాహన్‌లో కొట్టి చూడండి. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ తేదీలు కనిపిస్తాయి. నంబర్ చెప్పడానికి నసిగే చోట బండి తీసుకోవద్దు.

3. డబ్బు కట్టేముందు అడగాల్సినవి

రోజు అద్దె ఎంతని అందరూ అడుగుతారు. "బండికి దెబ్బ తగిలితే నేను గరిష్ఠంగా ఎంత కట్టాలి?" అని అడిగేవాళ్ళు నూటికి పదిమంది కూడా నాకు కనిపించలేదు. అసలు ప్రశ్న అదే. ఇన్సూరెన్స్ ఉందంటే మీరు పైసా కట్టక్కర్లేదని అర్థం కాదు. ఒక మొత్తం దాకా మీ వాటా ఉంటుంది, ఆ అంకె ఒప్పందంలో రాసి ఉండాలి. నోటిమాట పనికిరాదు.

టైరు పగిలితే, క్లచ్ కాలితే, బండి కింది భాగం రాయికి తగిలితే, నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే ఎవరు భరిస్తారో కూడా అడగండి. సాధారణంగా ఈ నాలుగూ మీ మీదే పడతాయి. కొత్తగా నడిపేవాళ్ళ చేతిలో ఎక్కువగా జరిగేవి కూడా ఇవే. బండి బాగుచేసే రోజులకు అద్దె వసూలు చేస్తారా అనేది ఇంకో ప్రశ్న. కిలోమీటర్ల పరిమితి, ఆలస్యానికి గంటకెంత, ఫాస్టాగ్ ఎవరిది అన్నవి మీకు తెలిసినవే.

వేరే రాష్ట్రం వెళ్తుంటే ముందే చెప్పండి. శ్రీశైలం మన పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ గుడి ఉన్నది ఏపీలోని నంద్యాల జిల్లాలో. కృష్ణ దాటగానే రాష్ట్రం మారిపోతుంది. అద్దె బండికి అక్కడ తిరిగే పర్మిట్ ఉందో లేదో కనుక్కోకపోతే దారిలో మీరే సమాధానం చెప్పుకోవాలి.

ఒరిజినల్ కాగితాలు ఎవరికీ వదలకండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. కొన్నిచోట్ల డిపాజిట్ కింద మీ బైకునీ, దాని ఆర్సీనీ పెట్టుకుంటారు. అలా పెట్టక తప్పకపోతే బైక్ ఫొటోలు తీసి, రసీదు రాయించుకోండి.

4. ఏ బండి?

అందరూ కలిసి వెళ్తున్నారు కదా అని పెద్ద బండి అడుగుతారు. నేను మాత్రం కొత్తవాళ్ళకి వ్యాగన్ఆర్, ఐ10, స్విఫ్ట్ లాంటి చిన్న బండే ఇస్తాను. వ్యాగన్ఆర్‌లో కాస్త ఎత్తుగా కూర్చుంటాం, నాలుగు మూలలూ ఎక్కడున్నాయో అంచనా దొరుకుతుంది. థార్ లాంటి బండ్లలో బానెట్ అంచు దాటి ఏముందో తెలియదు, వెనక్కి చూస్తే స్టెప్నీ అడ్డం. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. రెండో ఏడాది తీసుకోండి.

మీరు మాన్యువల్ మీద నేర్చుకుని ఉంటే మొదటిసారి మాన్యువలే తీసుకోండి. ఆటోమేటిక్ తేలికే కానీ, ఎడమ కాలు అలవాటుకొద్దీ క్లచ్ అనుకుని బ్రేక్ తొక్కేస్తుంది. బండి ఉన్నచోట ఆగిపోతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఆటోమేటిక్ ఎక్కితే ఎడమ కాలును వెనక్కి మడిచి పెట్టుకోండి.

పెట్రోలా, డీజిలా అన్నది పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద చూసి, ఫోన్‌లో రాసుకోండి. డీజిల్ బండిలో పెట్రోల్ కొట్టించి మూడు కిలోమీటర్లు నడిపిన అబ్బాయి ఒకడు కన్నీళ్ళతో ఫోన్ చేశాడు. అలా జరిగితే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, కనీసం తాళం కూడా తిప్పకూడదు. పక్కకి తోసి, టో బండి పిలిపిస్తే ట్యాంకు కడిగించే ఖర్చుతో పోతుంది. నడిపితే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది.

5. బండి చేతికి వచ్చే పావుగంట

ఈ పావుగంట తొందరపడకండి. మిగతా రెండు రోజుల గొడవంతా ఇక్కడే పుడుతుంది.

వెలుతురులో తీసుకోండి. బండి దుమ్ముగా ఉంటే నీళ్ళు కొట్టమని అడగండి, దుమ్ము కింద గీతలు దాక్కుంటాయి. ఫోన్‌లో వీడియో పెట్టి నంబర్ ప్లేట్ దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా ఒక చుట్టు తిరగండి. నడుము వంచి బంపర్ల కింది మూలలు తీయండి. పార్కింగ్ దిమ్మలకి తగిలేది అక్కడే. నాలుగు చక్రాల రిమ్ములు, టైర్ల పక్క గోడలు, సైడ్ అద్దాల వెనక భాగం, ముందు అద్దం మీద రాయి తగిలిన చుక్క, పైకప్పు కూడా తీయండి. సొట్టలు నేరుగా చూస్తే కనబడవు. తలుపు చివర నిలబడి రేకు వెంట ఏటవాలుగా చూడండి, ఆకాశం నీడ ఎక్కడ వంకర పోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. కనబడిన ప్రతిదీ నోటితో చెప్తూ తీయండి: "ఎడమ వెనక తలుపు, హ్యాండిల్ కింద గీత, రెండు వేళ్ళ పొడవు." బండి ఇస్తున్న మనిషి గొంతు కూడా అందులో పడితే మరీ మంచిది. తర్వాత లోపలికి వెళ్ళి కిలోమీటర్ రీడింగ్, ఫ్యూయల్ ముల్లు, వెలుగుతున్న హెచ్చరిక దీపాలు తీయండి. డిక్కీలో స్టెప్నీలో గాలి ఉందా, జాక్ ఉందా చూడండి. ఆ వీడియోని అక్కడే నిలబడి, వాళ్ళ వాట్సాప్‌కి పంపండి.

మీరిలా చేస్తే ఇచ్చేవాడు నొచ్చుకుంటాడేమో అనుకోకండి. వీడియో తీసే కుర్రాడిని చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇంత జాగ్రత్తగా చూసుకునేవాడు రోడ్డు మీద కూడా జాగ్రత్తగానే ఉంటాడు.

ఇప్పుడు సీట్లో కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోండి. అద్దాలు సరిచేసుకోండి. లైట్లు, వైపర్, ఇండికేటర్, హజార్డ్ మీట ఎక్కడున్నాయో చేత్తో తడిమి తెలుసుకోండి. ఇక క్లచ్. ప్రతి బండికీ క్లచ్ అందుకునే చోటు వేరు. సమమైన నేల మీద, ముందు ఎవరూ లేని చోట, ఫస్ట్ గేరు వేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ని వెంట్రుకవాసి చొప్పున వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కి, బానెట్ కాస్త లేచినట్టవుతుంది. అదే ఆ చోటు. పదిసార్లు చేసి మీ పాదానికి నేర్పండి. స్కూల్ కారులో వచ్చిన అలవాటు ఈ బండిలో పనిచేయదు. ఫ్లైఓవర్ మీద సిగ్నల్ పడినప్పుడు బండి వెనక్కి జారకుండా కాపాడేది ఈ పది నిమిషాలే.

6. ఎక్కడ నడపాలి, ఎప్పుడు

చెయ్యి తిరిగే పూట ఆదివారం పొద్దున ఆరింటికి పెట్టుకోండి. పక్కన బాగా నడపడం వచ్చిన మనిషి ఒక్కరే ఉండాలి. వెనక సీట్లో ఎవరూ వద్దు. మొదటి గంట కాలనీ రోడ్లు, తర్వాత అవుటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు, చివర్లో అవుటర్ మీద ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్ దాకా. 158 కిలోమీటర్ల అవుటర్ మీద కుడి వైపు లేన్లలో గంటకి 120 వరకు అనుమతి ఉంది. ఆ అంకె మీకు కాదు. ఎడమ లేన్లలో 80 లోపు ఉండండి. అక్కడ నేర్చుకోవాల్సింది వేగం కాదు, ర్యాంపు మీద నుంచి వచ్చి పరుగెత్తే బండ్ల మధ్య కలవడం. ఇండికేటర్ వేసి, అద్దం చూసి, భుజం మీదుగా మెడ తిప్పి చూసి, అప్పుడే కదలండి.

ఆ పూట బాగా గడిస్తే మొదటి ప్రయాణం పెట్టుకోండి, చీకటి పడేలోపు తిరిగొచ్చేంత దూరమే. ఆఫీసు వదిలాక శుక్రవారం రాత్రి బయల్దేరడం మాత్రం వద్దు. పగలంతా పనిచేసిన మనిషికి తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్ళు తెరిచి ఉన్నా మెదడు నిద్రపోతుంది. పాటలు పెట్టుకోవడం, కిటికీ దించడం, టీ తాగడం ఏదీ ఆపదు. నిద్రొస్తే పెట్రోల్ బంక్‌లో ఆపి పడుకోవాలి, అంతే.

ఘాట్ రోడ్డు ఎక్కేముందు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగే బండి ఆగాలి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. శ్రీశైలం దారిలో మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. గేటు పడిపోతుందని తొందరలో మలుపుల్లో తోలేవాళ్ళని చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆలస్యమైతే అచ్చంపేటలో రూమ్ తీసుకోండి.

వానలో రోడ్డు మీద నీళ్ళు నిలిచి, లోతు తెలియకపోతే దిగకండి. దిగాక ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. లోపలికి నీళ్ళు పోయిన ఇంజిన్‌ని తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ బిల్లు మీరు రెండేళ్ళు కడతారు.

7. "ఒక్కసారి నాకియ్యిరా"

దారిలో ఎక్కడో ఒకచోట ఈ మాట వస్తుంది. ధాబా దగ్గర తిని లేచాక, ఖాళీ రోడ్డు కనబడగానే వస్తుంది. లైసెన్స్ లేనివాడు కూడా అడుగుతాడు. స్నేహంలో కాదనడం కష్టమని నాకు తెలుసు. అందుకే బయల్దేరకముందే, అందరూ ఉండగా చెప్పేయండి: "అగ్రిమెంట్‌లో నా పేరు, వీడి పేరు ఉన్నాయి. మేమిద్దరమే నడుపుతాం." అడిషనల్ డ్రైవర్ పేరు చేర్చడానికి ఖర్చు కొంచెమే, ముందే చేర్పించండి. బండిలో జీపీఎస్ ఉంటుంది, వేగం తెలిసిపోతుంది, కానీ స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు. ఆ సంగతి ప్రమాదం జరిగాకే బయటపడుతుంది.

నడిపేవాడు తాగకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, మొదటిసారే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. "ఒక్క బీరే కదా" అన్న లెక్క వేసుకోకండి. నడిపేవాడికి సున్నా.

8. దెబ్బ తగిలితే

చిన్న గీత పడితే వెంటనే ఫొటో తీసి బండి ఇచ్చినవాళ్ళకి పంపండి. రంగు డబ్బా కొని పూయడం, దారిలో డెంటింగ్ షాపులో కొట్టించడం చేయకండి. మేము చూడగానే పట్టేస్తాం. పైగా చెప్పకుండా రిపేరు చేయిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా పోతుంది. చెప్పినవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ మెత్తగానే ఉన్నాను.

మనిషికి తగిలితే బండి సంగతి పూర్తిగా వదిలేయండి. ఆగండి, 108కి ఫోన్ చేయండి, పోలీసులకి 112. హైవే మీదైతే 1033 కూడా ఉంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకి తెలపడం చట్టం మీ మీద పెట్టిన బాధ్యత. గుంపు వల్ల ప్రాణభయం ఉంటే దగ్గరి స్టేషన్‌కి వెళ్ళి చెప్పండి, పారిపోకండి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం ఉంది. డబ్బుల కోసం చికిత్స ఆపుతుంటే ఆసుపత్రిలో ఆ పథకం సంగతి అడగండి.

ఇంట్లో చెప్పకుండా బండి తీసుకున్నా సరే, అలాంటి సమయంలో మొదటి ఫోన్లలో ఒకటి అమ్మకో నాన్నకో చేయండి. వాళ్ళు తిడతారు. తిడుతూనే బయల్దేరి వస్తారు.

9. తిరిగి ఇచ్చేటప్పుడు

గంట ముందే రండి. తీసుకున్నప్పుడు ఫ్యూయల్ ఎంత ఉందో వచ్చే దారిలో అంతకి కొట్టించి, రసీదు ఉంచుకోండి. వెలుతురులో అదే వీడియో మళ్ళీ తీయండి, రీడింగ్‌తో సహా. బండిలో మీ వస్తువులు చూసుకోండి. కళ్ళజోళ్ళు, ఛార్జర్లు సీటు కింద ఎన్ని దొరుకుతాయో లెక్కలేదు. "డ్యామేజ్ లేదు, బండి తీసుకున్నాం" అని మెసేజ్ రూపంలో రాయించుకున్నాకే వెళ్ళండి.

డిపాజిట్ వెంటనే రాకపోవచ్చు. ఈ-చలాన్లు కెమెరా నుంచి బండి నంబర్ మీదకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కొంత ఆపుతారు, అది న్యాయమే. ఎన్ని రోజులో మాత్రం ముందే తెలుసుకోండి. చలాన్ చూపిస్తే దాని మీద తేదీ, సమయం, ఫొటో చూడండి. మీరు తీసుకోకముందుదైతే కట్టకండి. లేని గీతకి డబ్బు కోస్తే మీ మొదటి వీడియో, రెండో వీడియో పక్కపక్కన పెట్టి పంపండి. చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది. తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డిపాజిట్ మొత్తం మీ ఖాతాలో పడేదాకా ఆ రెండు వీడియోలూ ఫోన్‌లోంచి తీసేయకండి.